బోదె మీద ఊడ్పులు

అప్పాజీకి కోపం రాదని ఊళ్ళో పేరు. వాళ్ళమ్మ మాణిక్యాంబకి రెండిళ్ళకి సరిపడా వస్తుందని ఇంకో పేరు. ఈ ఇద్దరి మధ్యా పెరిగిన హేమశ్రీకి ఎవరి గుణం వచ్చిందో ఎవరికీ తెలియదు. మాట్లాడితే కదా తెలిసేది. తల్లి చిన్నప్పుడే పోయింది. ఇంటర్ రెండో ఏడు చదువుతోంది. కాలేజీ బస్సులో కిటికీ పక్కన కూర్చుందంటే దిగేదాకా తల తిప్పేది కాదు. ఇంటికి చుట్టాలొస్తే మంచినీళ్ళిచ్చి వంటింట్లోకి పోయేది. అలాంటి పిల్ల ఒక పెద్ద మేనేజర్ని మోకాలిలోతు బురదలో నిలబెట్టిందంటే నమ్మడం కష్టమే. కానీ ఊరంతా గట్ల మీద నిలబడి చూసింది. నమ్మక తప్పదు.

ఆ మేనేజరు పేరు ఉదయ్‌భాస్కర్. ఊరి చివర గ్యాస్ స్టేషన్ కడుతున్న కంపెనీలో సైట్ మేనేజరు. సముద్రం వైపు బావుల్లోంచి వచ్చే గ్యాస్‌ని పైపుల్లోకి తోసే పెద్ద పెద్ద మిషన్లు అక్కడ పెడతారట. మిషన్లు పెట్టేది ఇంకెవరో. వాటి కింద పునాదులు, చుట్టూ గోడలు, లోపల రోడ్లు వేసేది ఈ కంపెనీ. ఆయన తెల్ల టోపీ పెట్టుకుని, తెల్ల కారులో వచ్చి, కారు అద్దం కొంచెమే దించి మాట్లాడేవాడు.

సముద్రానికి దగ్గర ఊరు కాబట్టి అక్కడ కాలువ నీళ్ళు తియ్యన, నేల కింది నీళ్ళు ఉప్పన. మనిషిలోతు తవ్వితే చాలు, ఉప్పునీళ్ళు ఊరతాయి. పునాదికి గొయ్యి తవ్విన దగ్గర్నుంచి కంపెనీవాళ్ళు మోటార్లు ఆపకుండా నీళ్ళు తోడాల్సిందే. తోడిన నీళ్ళు మురుగుకాలవలోకి పోవాలి. సైట్‌కీ మురుగుకాలవకీ మధ్య ఉన్నది అప్పాజీ చేను.

దారి అడగడానికి దొరబాబు వచ్చాడు. సైట్లో సూపర్‌వైజరు, మాణిక్యాంబకి దూరపు మేనల్లుడు. అప్పాజీ వెంటనే సరేనన్నాడు. నీళ్ళకి దారి అడిగితే కాదనకూడదన్నది ఆ ఊరి రైతుల కట్టుబాటు. పై చేనువాడి నీరు నీ మీదుగా పోతుంది, నీ నీరు ఇంకొకరి మీదుగా పోతుంది, అందరి నీరూ సముద్రానికే పోతుంది. కాగితం రాసుకోలేదు, సంతకం లేదు. తనే పార పట్టి చేనుకి ఒక పక్కగా చిన్న కాలవలా బోదె తవ్వి ఇచ్చాడు. ఒకటి మాత్రం అడగలేదు, అవి ఏ నీళ్ళని. పుట్టి బుద్ధెరిగాక ఆయనకి నీళ్ళంటే పంట నీళ్ళే.

మొదట్లో బాగానే ఉంది. తర్వాత గొయ్యి పెద్దదైంది, మోటార్లు పెరిగాయి. బోదె పట్టలేక పొంగి, పక్కనే వరి నారు పోసిన ఆకుమడి మీదికి ఎక్కింది. పచ్చగా లేచిన ఆకు కొసలు ఎర్రబడి, మాడి, వేళ్ళతో సహా చచ్చిపోయింది. అప్పాజీ వెళ్ళి చెప్పాడు. "చూద్దాంలే" అన్నారు. మళ్ళీ విత్తనం నానబోసి, మళ్ళీ చల్లి, మళ్ళీ వెళ్ళి చెప్పాడు. "చెప్పావుగా" అన్నారు. రెండో ఆకుమడి మీదికి కూడా నీళ్ళు ఎక్కుతున్న రోజు పొద్దున్న అప్పాజీ తిన్నగా లోపలికి వెళ్ళి ఒక మోటారు స్విచ్ కట్టేశాడు. ఆయన జీవితంలో చేసిన దౌర్జన్యం అంతా అదే.

ఉదయ్‌భాస్కర్ దానికి మోటారు దొంగతనం అని పేరు పెట్టాడు. గేటు ముందు కంకర మీద కూర్చోబెట్టాడు. చెప్పులు విప్పించాడు. స్కూలు పిల్లలు చూశారు, పనికి పోయే ఆడవాళ్ళు చూశారు, పాలవాళ్ళు బళ్ళు ఆపి మరీ చూశారు. కాలేజీ బస్సు గేటు ముందు స్లో అయినప్పుడు కిటికీలోంచి హేమశ్రీ చూసింది. పక్క సీట్లో పిల్ల, "మీ నాన్నగారు కదే?" అంది. బస్సు ఆపించి దిగి వెనక్కి పరుగెత్తుకొచ్చేసరికి ఉదయ్‌భాస్కర్ జేబుల్లో చేతులు పెట్టుకుని నిలబడి ఉన్నాడు.

"తప్పయిపోయిందండి అను. వదిలేస్తా."

అప్పాజీ ఏదో గొణిగాడు.

"గట్టిగా. వీళ్ళందరికీ వినపడాలి."

"తప్పయిపోయిందండి" అన్నాడు అప్పాజీ.

అప్పుడు కూతురు కళ్ళబడింది. కంకర గుచ్చుకున్న అరికాళ్ళతో లేచి, చెప్పులు చేత్తో పట్టుకుని, ఆమెని దాటుకుని నడిచి వెళ్ళిపోయాడు.

అప్పటి నుంచి అప్పాజీ పెద్దవీధిలోంచి నడవడం మానేశాడు. చేలోకి వెళ్ళాలంటే ఇళ్ళ వెనకాల గట్టు పట్టుకుని వెళ్ళేవాడు. ఎవరైనా పిలిస్తే వినపడనట్టు పోయేవాడు. కంచం ముందు కూర్చుని అన్నం కెలికి లేచిపోయేవాడు. మాణిక్యాంబ వీధరుగు మీద కూర్చుని గ్యాస్ స్టేషన్ వైపు తిరిగి పొద్దున్నా సాయంత్రం శాపనార్థాలు పెట్టేది. హేమశ్రీ ఒక్క మాట అనలేదు. ఏడవలేదు కూడా. కానీ అన్నం కలుపుతున్నా, లెక్కలు చేస్తున్నా, జడ వేసుకుంటున్నా ఆమె చెవిలో ఒకటే మాట. గట్టిగా. వీళ్ళందరికీ వినపడాలి.

ఒకరోజు నానమ్మ చింతకాయ దంచుతుంటే దగ్గరకొచ్చి కూర్చుంది.

"ఆ మాట ఆయన చేత అనిపించాలి నానమ్మా."

"ఏ మాట?"

"నాన్న చేత అనిపించిన మాట. నాన్నతోనే అనాలి. అందరి ముందూ."

మాణిక్యాంబ రోకలి ఆపింది. "ఎలాగే?"

"నీళ్ళు మన చేలోంచే కదా పోతున్నాయి."

"అంతేగా. పద, ఇప్పుడే పూడ్చేద్దాం."

"ఇప్పుడు పూడిస్తే రేపటికి ఇంకో దారి వెతుక్కుంటాడు. కాకినాడ నుంచి గొట్టాలు తెప్పించి రోడ్డు పక్కనుంచి వేసుకుంటాడు. వెతుక్కోడానికి టైము లేని రోజున పూడ్చాలి."

మాణిక్యాంబ మనవరాలి మొహం వంక చూసింది. "నువ్వు మీ అమ్మ పోలికనుకుని ఇన్నాళ్ళూ నీకు భయపడలేదే నేను" అని మళ్ళీ రోకలి ఎత్తింది.

ఆ రోజు ఎప్పుడన్నది దొరబాబే చెప్పాడు. అప్పాజీని గేటు ముందు కూర్చోబెట్టినప్పుడు దొరబాబు అక్కడే ఉండి నోరు మెదపలేదు. ఆ సిగ్గుతో కొన్నాళ్ళు మొహం చాటేసి, ఒక మధ్యాహ్నం మజ్జిగకని వచ్చాడు.

"శుక్రవారం పెద్ద పునాది పోస్తున్నాం అత్తా" అన్నాడు, ఏదో ఒకటి మాట్లాడాలి కాబట్టి. "కాకినాడ నుంచి కాంక్రీటు లారీలు ఒకదాని వెనకాల ఒకటి వస్తూనే ఉంటాయి. మొదలెట్టాక ఆపకూడదు. ఆగితే అతుకు పడుద్ది, అతుకు పడితే అంతా పగలగొట్టమంటారు. రాజమండ్రి నుంచి గ్యాస్ ఆఫీసర్లు కూడా వస్తున్నారు."

"మోటార్లు ఆగితే?" అంది హేమశ్రీ గుమ్మంలోంచి.

ఆ పిల్ల గొంతు విని దొరబాబు ఉలిక్కిపడ్డాడు. "ఆగవమ్మా. కరెంటు పోయినా జనరేటరు ఉంది. ఆగితే ఇంకేముంది, గొయ్యి చెరువే."

"మోటార్లు ఆగకుండా, నీళ్ళు పోయే దారి ఆగితే?"

దొరబాబు మజ్జిగ గ్లాసులోకి చూశాడు. తర్వాత మాణిక్యాంబ వంక చూశాడు. ఆవిడ విసనకర్రతో విసురుకుంటూ పైకప్పు చూస్తోంది.

"నాకు ఈ మధ్య చెవి సరిగా వినపడట్లేదు అత్తా" అన్నాడు. మజ్జిగ ఒక్క గుక్కలో తాగి వెళ్ళిపోయాడు.

మండపేట దగ్గర మాణిక్యాంబ పుట్టిల్లు. తమ్ముడికి ఫోన్ చేసి నాటడానికి వరి ఆకు పంపమంది. గురువారం సాయంత్రానికి ఆకు కట్టలు ఆటో ట్రాలీలో దిగాయి. ఊడ్పులకి ఊళ్ళో నాట్లు వేసే దీనమ్మ జట్టుని పిలిచింది. దీనమ్మకి సంగతంతా చెప్పనక్కర్లేకపోయింది. "ఆ రోజు గేటు కాడ నేనూ ఉన్నానండి" అంది అంతే. అప్పాజీకి శుక్రవారం ఊడ్పులని మాత్రమే చెప్పారు.

"ఉప్పెక్కిన చేలో ఊడిస్తే బతుకుద్దా అమ్మా?"

"బతికినంత బతుకుద్ది. బీడు పెట్టుకుంటే నలుగురూ నవ్వరూ?"

అప్పాజీ తలూపాడు. ఊడ్పుల రోజున చేలో జనం ఉంటారని ఇంటి దగ్గరే ఉండిపోయాడు.

శుక్రవారం పొద్దున్న చేలో మట్టిని బురద చేస్తూ దమ్ము ట్రాక్టరు తిరుగుతోంది. అటు సైట్లో గుమ్మడికాయ కొట్టారు, కొబ్బరికాయలు కొట్టారు. ఆఫీసర్లు టోపీలు పెట్టుకుని ఫొటోలు దిగారు. గొయ్యి నిండా చీరకి జరీలా ఇనుప చువ్వలు అల్లి ఉన్నాయి. మొదటి లారీ వెనక్కి తిరిగి కాంక్రీటు వదిలింది. రెండోది వచ్చింది. వాటి వెనకాల పెద్దవీధి దాకా లారీల వరస.

హేమశ్రీ గట్టు మీద నిలబడి అదే చూస్తోంది. ట్రాక్టరు దగ్గరికొచ్చాక డ్రైవరుతో, "అన్నా, ఆ బోదె కూడా కలిపేయ్" అంది.

"బోదేంటి పాపా? నీళ్ళు పోతున్నాయి కదా."

వెనకనుంచి మాణిక్యాంబ అందుకుంది. "మేం తవ్విన బోదె, మేం పూడ్చుకుంటాం. తొక్కవయ్యా నువ్వు."

ఇనుప చక్రాలు అటూ ఇటూ ఓ సారి తిరిగేసరికి బోదె ఉన్న చోటూ లేని చోటూ తెలియకుండా పోయింది. సైట్ వైపు మూతి దగ్గర దీనమ్మ వాళ్ళు మట్టి బస్తాలు పడేసి పైన బురద మెత్తారు. ఆ మెత్తిన బురద ఇంకా జారుతుండగానే హేమశ్రీ లంగా పైకి దోపుకుని దిగింది. బోదె మీద ఊడ్చింది ఆమే. ఇంకెవరినీ దిగనివ్వలేదు. చెయ్యి వెనకాల చెయ్యి, పిడికెడు వెనకాల పిడికెడు. బొటనవేలితో ఒక్కో మొక్కనీ లోపలికి నొక్కుతుంటే, నొక్కిన ప్రతిసారీ ఆమె పళ్ళు బిగుసుకున్నాయి.

"ఆకు నాటుతున్నావా పాపా, మేకులు దిగ్గొడుతున్నావా?" అంది దీనమ్మ. ఆడవాళ్ళందరూ నవ్వారు.

నీళ్ళకి కోపమూ ఉండదు, తొందరా ఉండదు. దారి మూసుకుపోయాక కాసేపు ఆలోచిస్తున్నట్టు నిలబడ్డాయి. తర్వాత మెల్లగా వెనక్కి తిరిగాయి. మోటార్లు తోడిపోస్తున్నాయి, పోసిన నీళ్ళు గోడ కిందనుంచి సైట్లోకి, సైట్లోంచి గోతిలోకి. తోడిందే తోడుతున్నాయి. పైనుంచి వాన కూడా పట్టుకుంది.

ముందు దొరబాబు పరుగెత్తుకొచ్చాడు. ఊడ్చిన చేను చూశాడు. వెనక్కి పరుగెత్తాడు. తర్వాత తెల్ల కారు వచ్చింది. గట్టు మీదికి కారు రాదు. ఉదయ్‌భాస్కర్ దిగి నడిచి వచ్చాడు.

"ఎవరు మూశారిది? ఎవర్నడిగి మూశారు?"

"ఊడ్పులండి" అంది మాణిక్యాంబ. "ఈ రోజుల్లో చేలల్లో ఊడుస్తారండి. మీ వైపు ఊడవరా?"

"పెద్దావిడా, జోకులొద్దు. కాంక్రీట్ నడుస్తోంది అక్కడ. దొరబాబూ, నలుగురు మనుషుల్ని పెట్టి కొట్టించు."

దొరబాబు కదల్లేదు. "ఊడ్చిన చేలో పార వెయ్యకూడదండి."

"వాట్ నాన్సెన్స్."

"మా చేతులు పడిపోతాయండి. ఏ కూలివాడూ వెయ్యడండి. కావాలంటే అడగండి."

అడిగాడు. ఊరి కూలీలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. గోతిలోంచి ఒడిశా కుర్రాళ్ళని ఇద్దరిని పిలిపించాడు. వాళ్ళు పారలు భుజాన వేసుకుని గట్టు దాకా వచ్చి, నీళ్ళలో నిలబడ్డ లేత ఆకు చూసి ఆగిపోయారు. ఒకడు వంగి బురద తాకి కళ్ళకద్దుకున్నాడు. ఇద్దరూ వెనక్కి నడిచారు. జేసీబీ తెప్పించాడు. దాని ముందు చక్రాలు గట్టు దాటీ దాటకుండానే దమ్ము బురదలో దిగబడిపోయాయి. పోలీస్ స్టేషన్‌కి ఫోన్ చేశాడు. ఫోన్లో అవతలివాళ్ళు ఏమన్నారో గాని, "వాళ్ళ చేను వాళ్ళు ఊడ్చుకుంటే మీకేంటండి అంటే ఎలా సార్" అని ఆయన అరవడం మాత్రం అందరికీ వినపడింది.

అప్పటికి గట్ల మీద ఊరు ఊరంతా చేరింది. గేటు ముందు ఆ రోజు నిలబడ్డవాళ్ళందరూ ఉన్నారు. పాలవాళ్ళు బళ్ళు స్టాండేసి మరీ వచ్చారు.

ఉదయ్‌భాస్కర్ పార లాక్కున్నాడు. బూట్లతోనే చేలోకి దిగాడు. రెండడుగులు వేశాడో లేదో కుడికాలు మోకాలి దాకా దిగిపోయింది. లాగితే కాలు వచ్చింది, బూటు రాలేదు. ఎడంకాలు దిగిపోయింది. పార ఊతంగా పెట్టుకుంటే పార కూడా దిగిపోయింది.

"సార్ కూడా ఊడ్పులకొచ్చారే" అంది దీనమ్మ. "ఓ కట్ట ఇవ్వండే సార్‌కి."

"వద్దులేవే, వరస వంకర పోద్ది" అంది ఇంకొకావిడ.

గట్ల మీద నవ్వు మొదలైంది. అటు పక్క ఆఫీసర్లు గోడ మీదనుంచి ఇటే చూస్తున్నారు. ఉదయ్‌భాస్కర్ టోపీ తీసి మొహం తుడుచుకున్నాడు. గొంతు మారిపోయింది.

"చూడండి. ఆకుమడి పోయిందన్నారు కదా. పరిహారం మాట్లాడదాం. ముందు దారి తియ్యండి. ప్లీజ్. ఎవరితో మాట్లాడాలి నేను?"

"నాతో" అంది హేమశ్రీ.

ఊళ్ళో చాలామంది ఆ పిల్ల గొంతు వినడం అదే మొదలు. మోచేతుల దాకా బురద, చేతిలో ఇంకా సగం ఆకు కట్ట. ఆయనకి ఎదురుగా వచ్చి నిలబడింది.

"మా నాన్న చేత ఒక మాట అనిపించారు మీరు. అది మా నాన్నతో అనండి."

"ఏ మాట?"

"గుర్తులేదా?"

ఆయనకి నిజంగానే గుర్తులేదు. అది ఆయన మొహంలో కనపడింది. నాన్నకి అన్నం సయించకుండా చేసిన మాట, తన చెవిలో పగలంతా మోగిన మాట ఈయనకి గుర్తు కూడా లేదు. హేమశ్రీకి అప్పటిదాకా ఉన్న కోపం ఒకటి, ఆ క్షణాన పుట్టిన కోపం ఇంకొకటి.

"తప్పయిపోయిందండి అని" గట్టు మీదనుంచి ఎవరో అందించారు.

అప్పాజీని పిలుచుకురావడానికి జనం వెళ్ళారు. ఆయన వెనకాల గట్టు మీదనుంచే వచ్చాడు, తల దించుకుని. చేలో నిలబడ్డ మనిషిని చూసి ఆగాడు. బోదె ఉండాల్సిన చోటు చూశాడు. సైట్ వైపు చూశాడు. అంతా అర్థమైనట్టు కూతురి వంక చూశాడు. ఆమె కళ్ళు దించలేదు.

అటు సైట్లోంచి ఎవరో అరుస్తున్నారు. నీళ్ళు కాంక్రీటు మీదికి ఎక్కాయి.

"తప్పయిపోయిందండి" అన్నాడు ఉదయ్‌భాస్కర్ గబగబా.

అప్పాజీ చెయ్యి చెవి దగ్గర పెట్టుకున్నాడు. "ఏంటండీ?"

"తప్పయిపోయిందండి అన్నాను."

"వానండి. వినపడట్లేదు. వీళ్ళందరూ కూడా వినాలి కదండీ."

కోపం రాదని పేరున్న మనిషి. ఆ మాట ఎంత మర్యాదగా అన్నాడంటే, మాణిక్యాంబ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఉదయ్‌భాస్కర్ పెద్దవీధి దాకా వినపడేలా అరిచాడు. ఆ అరుపుకి లారీల్లో డ్రైవర్లు తలలు బయటికి పెట్టి చూశారు.

అప్పాజీ చేలోకి దిగాడు. బురదలో గుచ్చుకుపోయిన పారని ఒక్క లాగుతో పైకి తీశాడు. ఉదయ్‌భాస్కర్ ఊపిరి పీల్చుకున్నాడు. అప్పాజీ పారతో నడిచి బోదె మూతి దాకా వెళ్ళి, అక్కడ లేత ఆకు వరసలు చూసి, "ఇక్కడ ఊడ్చిందెవరు?" అన్నాడు.

"నేనే" అంది హేమశ్రీ.

అప్పాజీ పార తిరగేసి, పిడి ఉదయ్‌భాస్కర్ వైపు పెట్టి అందించాడు.

"అమ్మాయి మొదటిసారి ఊడ్చిందండి. నేనెలా కొడతానండి? నీళ్ళకి దారి ఇచ్చినవాడినే నేను. మీరే నా చేత మాన్పించారు."

గట్టెక్కి, ఇళ్ళ వెనకాల దారి కాకుండా పెద్దవీధి వైపు తిరిగాడు. జనం పక్కకి తప్పుకుని దారిచ్చారు. ఎవరో ఏదో అడిగారు, ఆయన నిలబడి జవాబు చెప్పాడు.

హేమశ్రీ అనుకున్నది క్షమాపణ దాకానే. అది విన్నాక తనే బస్తాలు తీసేద్దామని మనసులో ఒక మూల ఉండేది. నాన్న వీపు అలా నిటారుగా వెళ్ళడం చూశాక ఆ మూల కూడా మూసుకుపోయింది. చేతిలో మిగిలిన ఆకు కట్ట విప్పి, మిగిలిన వరస పూర్తి చెయ్యడానికి వంగింది.

మధ్యాహ్నానికి గోతిలో ఇనుప చువ్వల కొసలు మాత్రమే నీళ్ళ పైన కనపడుతున్నాయి. పోసినదంతా పగలగొట్టాల్సిందేనని ఆఫీసర్లు చెప్పి కార్లెక్కారు. లారీలు మిగిలాయి. వాటి కడుపుల్లో కాంక్రీటు గట్టిపడే లోపల ఎక్కడో ఒకచోట కక్కేయాలి. డ్రైవర్లు ఊరంతా తిరిగారు. ఒక్కొక్క ఇంటి ముందూ ఆపి, "ఖాళీ స్థలం ఏమైనా ఉందాండి, ఊరికే పోసేసి పోతాం" అని అడిగారు. ఒకరు కోళ్ళ షెడ్డు కడుతున్నామన్నారు, ఇంకొకరు వాస్తు కుదరదన్నారు. దీనమ్మ అయితే తన గుమ్మం ముందున్న కాస్త జాగా చూపించి, "ఇక్కడ మా కోడలు ముగ్గేసుద్దయ్యా" అంది.

తిరిగి తిరిగి, డ్రమ్ములు గిరగిర తిప్పుకుంటూ లారీలు మళ్ళీ సైట్‌కే పోయాయి. ఉదయ్‌భాస్కర్ రూము ముందు ఆయన తెల్ల కారు పెట్టుకునే చోటు ఒక్కటే ఖాళీగా ఉంది. దొరబాబు చెయ్యి ఊపి, "రానీ, రానీ, ఇంకాస్త వెనక్కి" అంటూ మొదటి లారీని అక్కడికి రానిచ్చాడు.